చివరి తూము దాకా

పట్టాలు అందుకుంటున్న ఇంజనీర్లారా!

కలలు కనమని చెప్పడం ఇలాంటి వేదికల మీద ఆనవాయితీ. ఆ మాట మీరు ఎల్‌కేజీ నుంచీ వింటూనే ఉన్నారు. నేను ఉద్యోగమంతా కాలువ గట్ల మీద గడిపినవాణ్ని. అందుకని కన్న కల ఎక్కడిదాకా వెళ్తే పూర్తయినట్టో, నాకు తెలిసిన నాగార్జునసాగర్ మీద పెట్టి చెబుతాను.

కృష్ణ మీద సాగర్ ఆనకట్ట కావాలని ముక్త్యాల రాజా పట్టుబట్టి తిరిగారు. కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ వచ్చి ఆ చోటు చూసింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పట్లో యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న దేశం మనది. అందుకే దాన్ని రాతికట్టడంగా కట్టారు. ఆనాటి ఫొటోలు చూడండి. పరంజాల మీద బారులు తీరిన కూలీలు, నెత్తిన తట్టలు, వాళ్లలో ఆడవాళ్లూ ఎందరో. సుమారు 124 మీటర్ల ఎత్తు ఆనకట్ట అలా లేచింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

ఈలోగా అదే లోయలో మరో పని గడువుతో పందెం వేసి సాగింది. జలాశయంలో మునిగిపోబోయేది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. పురావస్తు శాఖవాళ్లు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో ముఖ్యమైనవి నాగార్జునకొండ మీదికీ, దగ్గర్లోని అనుపుకూ చేర్చి మళ్లీ నిలబెట్టారు. గడువు పెంచమని అర్జీ పెట్టుకుందామంటే కృష్ణమ్మ తీసుకోదు కదా!

సరే, నీళ్లు వదిలారు. పని అయిపోయిందా? పేపర్లలో అయిపోయింది. కుడి కాలువ 200 కిలోమీటర్ల పైచిలుకు. దాని కింద మేజర్లనే పెద్ద పిల్లకాలువలు, మేజర్ల కింద మైనర్లనే చిన్నవి, వాటికి తూములు, తూము కింద పంట బోదెలు. ఈ చివరి బోదె తవ్వకపోతే పైన ఎంత పెద్ద డ్యామున్నా కింద రైతుకు అది క్యాలెండర్ మీద బొమ్మే. పైగా ఆరుతడి పంటలకని కేటాయించిన భూముల్లోనూ ఎగువవాళ్లు వరి వేశారు. కాలువలోకి ఇంజన్లు దింపి తోడుకున్నారు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. ఎదురుగా నీళ్లు పారుతుంటే ఆరుతడి పంట వేసుకోమని చెప్పడం తేలికే, వినడం కష్టం. ఈ ఇబ్బంది ఒక్క సాగర్‌ది కాదు. డ్యాములు కట్టాం గానీ నీళ్లు చేలకు చేరడం లేదని గ్రహించి, కేంద్రం 1974-75లో ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టింది. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి రైతుల చేతే నీటి సంఘాలు పెట్టించింది. 2010 తర్వాత కూడా సాగర్ కాలువల ఆధునికీకరణ పేరుతో మళ్లీ పనులు జరిగాయి. శంకుస్థాపన నాటికి పుట్టిన పిల్లలు అప్పటికి తాతలయ్యారు.

కాలువ చివరన ఉండే టెయిలెండ్ రైతు వంతు ఎప్పుడూ అర్ధరాత్రే వచ్చేది. బోదె గట్టున గోనెపట్టా పరుచుకుని, టార్చిలైటు పక్కన పెట్టుకుని, ఒక కాలు బోదెలోకి జారవిడిచి పడుకునేవాడు. నీళ్లొస్తే పాదం తడిసి మెలకువ రావాలని. కాలు పొడిగానే ఉండి తెల్లారిన రాత్రులు ఎన్నో. కాలువ కాపలా చూసే లస్కర్‌ని తిట్టినా ఏం లాభం? అతని చేతిలో ఉన్నది తూము తాళం ఒక్కటే.

ఆరంభశూరులమని మనకో పాత పేరుంది. బద్ధకం వల్ల వచ్చిన పేరని నేననుకోను. శిలాఫలకం మీద పేర్లుంటాయి, చివరి తూము మీద ఉండవు. కొబ్బరికాయ కొట్టేటప్పుడు జనం ఉంటారు, ఫైనల్ బిల్లు నాటికి కాంట్రాక్టరు ఫోనెత్తడు, ఇంజనీరుకు బదిలీ అయిపోతుంది. గౌరవమంతా మొదట్లోనే పంచేస్తే చివర్న ఎవరుంటారు?

మీరు చేరబోయే ప్రతిచోటా ఇలా ఆగిపోయిన పని ఒకటి ఉంటుంది. కట్టని తూము కావచ్చు, సగం రాసి ఎవరో వదిలేసి వెళ్లిన ప్రోగ్రాం కావచ్చు. దాన్ని అడిగి తీసుకోండి. మీ పైవాళ్లు మిమ్మల్ని కాస్త అనుమానంగా చూస్తారు, ఫరవాలేదు. పూర్తయిందని సంతకం పెట్టే ముందు మాత్రం చివరి మడి దాకా నడవండి. జీపు అంతదూరం పోదు. అక్కడి రైతు "ఇన్నాళ్లకు కనపడ్డారా బాబూ" అని దెప్పుతాడు. దెప్పనివ్వండి. ఆ తర్వాత ఆయన చెప్పేవేవీ కొలతలు రాసే ఎం-బుక్‌లో ఎక్కవు గానీ, విడిగా ఓ కాగితం మీద రాసుకోండి.