గ్రాన్ టొరినో: మారినది ఒక్క వాల్టేనా?

క్లింట్ ఈస్ట్‌వుడ్ తానే నటించి, దర్శకత్వం వహించిన ‘గ్రాన్ టొరినో’ 2008లో విడుదలైంది. జాతి ద్వేషంపై చర్చించే ఫిల్మ్ క్లబ్బులు తప్పక చూడవలసిన చిత్రమిది. కథానాయకుడు వాల్ట్ కొవాల్స్కీ కొరియా యుద్ధంలో పోరాడినవాడు, ఫోర్డ్ కార్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాడు. డెట్రాయిట్ ప్రాంతంలో తన పక్కింటి హ్మాంగ్ జాతి కుటుంబాన్ని నోటికొచ్చినట్టు దూషిస్తాడు. వియత్నాం యుద్ధకాలంలో హ్మాంగ్ ప్రజలు అమెరికా పక్షాన పోరాడి, ఆ తర్వాత శరణార్థులయ్యారని పక్కింటి అమ్మాయి సూ చెబితేగానీ అతనికి తెలియదు. అతన్ని మార్చింది ఉపదేశం కాదు. వాళ్లింట్లో తిన్న భోజనం, ఆ ఇంటి కుర్రవాడు థావ్‌కు నేర్పిన పని. ద్వేషానికి బలం అపరిచయమేనని ఈ కథ నమ్మకంగా చూపిస్తుంది.

అయితే హ్మాంగ్ పాత్రలు తెల్లజాతి వృద్ధుడి పరివర్తనకు సాధనాలుగా మిగిలిపోయాయన్న విమర్శ ఉంది. తిట్లను హాస్యంగా వాడుకోవడాన్ని థావ్ పాత్రధారి బీ వాంగ్ స్వయంగా తప్పుపట్టాడు. వాల్ట్ స్వభావం తెలియడానికి ఆ మాటలు అవసరమేనని కొందరంటారు. పాత్రకు అవసరమే కావచ్చు, కానీ హాల్లో నవ్వు పుట్టినప్పుడు ఆ మాట పాత్రను దాటి ప్రేక్షకుడిదవుతుంది. సినిమాను పక్కన పెట్టేయడం దీనికి జవాబు కాదు. వాల్ట్ మారాడా అన్న ప్రశ్నతో ఆగకుండా, మనం ఎవరిని చూసి నవ్వామో కూడా చర్చించాలి. అప్పుడే ఆ చర్చ మనలోని ద్వేషాన్ని తాకుతుంది.