ఇంటికి ఏ ఇటుక? ఏ రేకు?



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అన్నీ కొత్తవి కొనాలంటే మన చేతిలో డబ్బు చాలదు. అందుకే ఫ్యాక్టరీలు వాడి పారేసిన వస్తువుల వైపు చూస్తాం. అది తప్పు కాదు, తెలివైన పనే. కాని ఏది తేవాలి? ఏది తేకూడదు? ఆ సంగతి చెప్పుకుందాం.

మొదట బూడిద ఇటుక. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కరెంటు కేంద్రం ఉంది. 1979లో మొదలైంది. అక్కడ బొగ్గు కాలిస్తే మెత్తటి బూడిద మిగులుతుంది. అది గాలికి లేచి ఊళ్ల మీద పడుతుంది. అదే బూడిదకు సున్నం, జిప్సం కలిపితే ఇటుక అవుతుంది. విశాఖపట్నంలో భానుమతిదాస్, కాళిదాస్ అనే ఇద్దరు ఈ పద్ధతిని తయారు చేశారు. వారిలో భానుమతిదాస్ ఆడమనిషి. ఈ ఇటుకను బట్టీలో కాల్చరు, నీళ్లతో తడిపి గట్టిపరుస్తారు. పొలం మట్టి తవ్వే పని లేదు. కట్టెల ఖర్చు లేదు. కరెంటు కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు చేసే ఇటుకల్లో బూడిద కలపాలని 1999లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

కొనేముందు రెండు ఇటుకలు కొట్టి చూడండి. ఖంగుమనాలి. ఒకటి రాత్రంతా నీళ్లలో వేయండి. పొద్దున గోటితో గీస్తే రాలకూడదు.

రెండోది రాయి. చీమకుర్తి నల్లరాయి విదేశాలకు పోతుంది. కోయగా మిగిలిన ముక్కలు అరుగుకీ, దొడ్లో గిన్నెలు తోముకునే చోటుకీ బాగా పనికొస్తాయి.

మూడోది తారు డ్రమ్ము. దాన్ని కోసి, సాపు చేస్తే రేకు అవుతుంది. స్నానాల దడికి, మేకల పాకకు చాలు. మనుషులుండే ఇంటి కప్పుకు వేస్తే మాత్రం ఎండాకాలం ఉడికిపోతాం. రెంటచింతల ఎండ మనకు తెలియనిదా? వేయక తప్పకపోతే పైన తాటాకు కప్పండి.

ఇక నాలుగోది. పత్తికి, మిరపకు కొట్టిన మందు డబ్బాలు, డ్రమ్ములు. ఇవి ఇంటికి వద్దే వద్దు! తలుపుకు వద్దు, దడికి వద్దు. గోడ కట్టేటప్పుడు నీళ్లు పట్టడానికీ వద్దు. ఆ నీళ్లే దాహమేసిన పిల్లలు తాగుతారు. “కడిగితే పోతుందిలే” అంటారు మగవాళ్లు. పోదు. 2013లో బీహార్‌లో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షలో తేలింది. అది పత్తికి కొడుతూ వచ్చిన మందే.

ఖాళీ డబ్బాలను పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి.

మందు డబ్బా మీద నాలుగు పలకల గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు చూడండి. ఎరుపు అంటే అన్నిటికన్నా పెద్ద విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా విషమే.

పాత ఇనుప సామాన్ల కొట్లో డ్రమ్ము బేరం చేసేముందు దాని మీద పేరు చదవండి. పేరు చెరిపేసి ఉంటే కొనకండి. చదవడం మనకు వచ్చు. ఇంట్లోకి ఏం రావాలో మనమే చెబుదాం.