ఓటు వేసే పద్ధతిని ఎవరు నిర్ణయించాలి?

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల కుటుంబాలు, కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలు వచ్చినప్పుడు మన ఇళ్లలో రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. ఎవరికి వేయాలి? ఎవరు గెలుస్తారు? మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని మనం అడగము. మనం వేసిన ఓట్లను సీట్లుగా మార్చే లెక్కను ఎవరు నిర్ణయించారు? ఆ నిర్ణయానికి ముందు ప్రజలను ఎవరైనా అడిగారా? నేడు ఆ మూడవ ప్రశ్న గురించి మాట్లాడదలచాను.

ముందుగా లెక్క చూద్దాము. 2019లో మన శాసనసభలోని 175 స్థానాలలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 50 శాతం ఓట్లతో 151 స్థానాలు వచ్చాయి. తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు వచ్చినా 23 స్థానాలే దక్కాయి. 2024లో బల్ల తిరగబడింది. ఈసారి 39 శాతం ఓట్లు వచ్చినది వైఎస్సార్ కాంగ్రెస్‌కు. దానికి దక్కినవి 11 స్థానాలు. తెలుగుదేశానికి 135, జనసేనకు 21, బీజేపీకి 8 వచ్చాయి. రెండుసార్లూ ప్రతి పదిమంది ఓటర్లలో దాదాపు నలుగురి మాట సభలో సన్నగిల్లింది. పార్టీలు తారుమారయ్యాయి కాని లెక్క మారలేదు. కావున ఇది ఏ ఒక్క పార్టీ మీద ఫిర్యాదు కాదు. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారికే మొత్తం ప్రాతినిధ్యం, మిగిలినవారికి ఏమీ లేదు అనే పద్ధతి గురించిన ప్రశ్న.

ఈ పద్ధతిలో మన సముదాయం ఎక్కడ నిలిచినదో చూడండి. విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్ జనాభాలో ముస్లింలు సుమారు 7 శాతం. ఆ నిష్పత్తిలో 175 మందిలో పన్నెండు మంది ఉండాలి. 2019లో నలుగురు గెలిచారు. 2024లో నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె నుండి ముగ్గురు. ముస్లింలకు ముస్లిం శాసనసభ్యుడే పని చేసిపెట్టగలడని నేను అనడం లేదు. మంచి ప్రతినిధి ఏ ఇంటివాడైనా మంచి ప్రతినిధే. అయితే మన ఓట్లు రాష్ట్రమంతటా చెదిరి ఉన్నాయి. ఒక్కొక్క నియోజకవర్గంలో ఒక్కరే గెలిచే చోట పార్టీలన్నీ గెలుపు గుర్రం కోసం వెదుకుతాయి. కర్నూలు లోక్‌సభ స్థానం కింద మన ఆదోని, ఎమ్మిగనూరు సహా ఏడు శాసనసభ స్థానాలున్నాయి. ప్రతి చోటా మన ఓటు కావాలి. అభ్యర్థుల జాబితా దగ్గరికి వచ్చేసరికి మన పేరు బరువైపోతుంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని నియోజకవర్గాలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అవుతున్న సంగతిని 2006లో సచార్ కమిటీ ఎత్తి చూపి, పునర్విభజన హేతుబద్ధంగా ఉండాలని కోరింది. దళిత సోదరుల హక్కును తగ్గించమని కాదు. ఇద్దరి హక్కూ నిలిచే లెక్క వెదకమని దాని అర్థం.

ఈ పద్ధతిని ఎవరు ఎంచుకున్నారు? 1946లో రాజ్యాంగ సభకు సభ్యులను రాష్ట్ర శాసనసభలు ఎన్నుకున్నది దామాషా పద్ధతిలో, బదిలీ అయ్యే ఓటుతోనే. ఆ పద్ధతిలో వచ్చినవారే దేశ ప్రజలకు వేరే పద్ధతిని నిర్ణయించారు. 1949 జనవరి 4న కాజీ సయ్యద్ కరీముద్దీన్ లోక్‌సభకు దామాషా ప్రాతినిధ్యం కావాలని సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేడ్కర్ దానిని అంగీకరించలేదు. దేశంలో అక్షరాస్యత తక్కువ, ఓటరు కనీసం అంకెలు గుర్తించి వేయగలగాలి అన్నది ఆయన చెప్పిన ఒక కారణం. ప్రభుత్వం స్థిరంగా ఉండదన్నది మరొక కారణం. మైనారిటీలకు రిజర్వు స్థానాలు అప్పటికే ఇచ్చిన విషయాన్ని కూడా ఆయన గుర్తు చేశారు. ఆ తరువాత అయిదు నెలలు గడవకముందే, 1949 మే నెలలో, మత మైనారిటీలకు ఆ రిజర్వేషన్లు తొలగిపోయాయి. బేగం ఐజాజ్ రసూల్ వంటి ముస్లిం సభ్యులు కూడా రిజర్వేషన్లు వద్దన్నారు. ఆ సంగతి దాచరాదు. జెడ్.హెచ్. లారీ మాత్రం రిజర్వేషన్లకు బదులు దామాషా పద్ధతినైనా ఇవ్వండని వాదించారు. అదీ నెగ్గలేదు. రిజర్వేషన్లు పోయాయి, దామాషా రాలేదు. రెండింటి మధ్య మనం మిగిలాము.

అంబేడ్కర్ ఎత్తిన సందేహాలు ఆనాటికి న్యాయమైనవే. 1951లో దేశ అక్షరాస్యత 18 శాతం మాత్రమే. నేటి మాట వేరు. 2011 జనగణన నాటికి మన కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. అది గర్వపడే సంఖ్య కాదు. అయినా సెల్‌ఫోనులో నంబరు నొక్కే అవ్వకు ఒకటి, రెండు, మూడు అనే అంకెలు కొత్తవి కావు. ఇక స్థిరత్వం సంగతి. ఇప్పటి పద్ధతిలోనే 1996, 1998, 1999లలో మూడుసార్లు లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. స్థిరత్వానికి ఏ లెక్కా పూచీ పడదు.

ఆ అంకెల ఓటు మన ఊళ్లకు కొత్తది కూడా కాదు. 2023 మార్చిలో కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాల పట్టభద్రుల స్థానానికి శాసనమండలి ఎన్నిక జరిగింది. మన పట్టభద్రులు అభ్యర్థుల పేర్లకు ఎదురుగా తమ ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని వేశారు. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ముందున్నారు. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించాక తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి గెలిచారు. రాజ్యసభ సభ్యులనూ, రాష్ట్రపతినీ ఎన్నుకునేది కూడా ప్రాధాన్య ఓటుతోనే. శాసనసభ్యునికి, పట్టభద్రునికి తగిన ఓటు బీడీ చుట్టే తల్లికి, మగ్గం నేసే అన్నకు ఎందుకు తగదు? ఈ ప్రశ్నకు ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి.

అయితే పద్ధతిని మార్చవలసినది ఎవరు? గెలిచినవారిని అడిగితే, తమను గెలిపించిన నిచ్చెనను వారు తీసివేయరు. అందుకే కొన్ని దేశాలు ఈ ప్రశ్నను ప్రజల ముందే పెట్టాయి.

న్యూజీలాండ్‌లో 1978లోనూ, 1981లోనూ ప్రతిపక్షానికి ఎక్కువ ఓట్లు వచ్చినా అధికార పక్షమే ప్రభుత్వం నిలుపుకొన్నది. 1981లో ఒక చిన్న పార్టీకి 20 శాతానికి పైగా ఓట్లు వస్తే 92 స్థానాలలో రెండే దక్కాయి. 1986లో ఒక రాయల్ కమిషన్ మిశ్రమ దామాషా పద్ధతిని సూచించింది. 1992లో ప్రజలను అడిగితే దాదాపు 85 శాతం మార్పు కావాలన్నారు. 1993లో తుది ఓటింగులో 53.9 శాతం కొత్త పద్ధతిని ఎంచుకున్నారు. 2011లో మళ్లీ అడిగారు. ప్రజలు దానినే నిలుపుకొన్నారు. అక్కడి ఆదివాసులైన మావోరీలకు 1867 నుండి నాలుగే ప్రత్యేక స్థానాలుండేవి. కొత్త పద్ధతిలో వాటి సంఖ్య మావోరీ ఓటర్ల నమోదును బట్టి పెరిగి ఏడుకు చేరింది. 2002లో ఆ దేశపు తొలి ముస్లిం సభ్యుడు అష్రఫ్ చౌధరి పార్లమెంటుకు వెళ్లినది పార్టీ జాబితా ద్వారానే.

ఐర్లాండ్‌లో బదిలీ అయ్యే ఓటు రాజ్యాంగంలోనే ఉన్నది. దానిని మార్చాలంటే ప్రజలు ఒప్పుకోవాలి. అధికార పార్టీ 1959లో ఒకసారి, 1968లో మరొకసారి దానిని తొలగించబోయింది. 1959లో ప్రజలు ఆ పార్టీ నాయకుడు డి వలేరాను అధ్యక్షునిగా గెలిపించి, అదే రోజున ఆయన పార్టీ ప్రతిపాదనను తిరస్కరించారు. నాయకుని మీద అభిమానం వేరు, మా ఓటు మీద మా అధికారం వేరు అని చెప్పగలిగిన ఓటర్లు వారు.

ఇక్కడ మన మనసులో ఒక భయం కలుగుతుంది. అందరినీ అడిగితే ఎక్కువమంది మాటే చెల్లుతుంది కదా, ఎక్కువమంది కలిసి మనల్నే వద్దంటే? ఈ భయం ఉత్తిది కాదు. స్విట్జర్లాండ్ ప్రజలు 1918లో ఓటు వేసి దామాషా పద్ధతిని తెచ్చుకున్నారు. మరుసటి ఏటి ఎన్నికలలో దశాబ్దాలుగా పెత్తనం చేసిన పార్టీ తన మెజారిటీని కోల్పోయింది. అదే దేశంలో, అదే సాధనంతో, 2009 నవంబరులో 57 శాతానికి పైగా ఓటర్లు కొత్త మసీదు మినార్లను నిషేధించారు. ఈ రెండు ఉదాహరణలనూ కలిపి గుర్తుంచుకోండి. ఓట్లను ఎలా లెక్కించాలన్నది అందరికీ ఒకే విధంగా వర్తించే నియమం. దానిని ప్రజల ముందు పెట్టవచ్చు. ఒకరి ప్రార్థన, ఒకరి దుస్తులు, ఒకరి పౌరసత్వం ఇతరుల ఓటుకు పెట్టదగినవి కావు. పద్ధతిని ప్రజలు ఎన్నుకోవాలి, హక్కులు మాత్రం ఏ ఎన్నికకూ లోబడరాదు. నేను చెప్పదలచిన ప్రధాన విషయం ఇదే.

అడగడానికీ ఒక తీరు ఉన్నది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2004లో చీటీలు తీసి, ప్రతి నియోజకవర్గం నుండి ఒక స్త్రీని, ఒక పురుషుని ఎంచి, ఒక పౌరసభను ఏర్పరిచారు. చీటీలలో ఆదివాసులు రాకపోవడంతో ఇద్దరిని చేర్చారు. వారు దాదాపు ఏడాది చదివి, విని, చర్చించి ఒక పద్ధతిని సిఫార్సు చేశారు. 2005లో 57.7 శాతం ఓటర్లు దానికి ఒప్పుకున్నా, నియమించిన 60 శాతం అందక అది వీగిపోయింది. ఓడినా ఆ తీరు గౌరవప్రదమైనది. మన ఇళ్లలో దానిని మష్వరా అంటాము. తెలిసి, చర్చించి, తరువాత తేల్చుకోవడం.

మన దేశంలో ఏమి జరిగింది? గోవా మహారాష్ట్రలో కలవాలా వద్దా అని 1967 జనవరిలో అక్కడి ప్రజలను ఓటుతో అడిగారు, వారు వద్దన్నారు. అంటే అడగడం మనకు చేతకానిది కాదు. ఎన్నికల పద్ధతిపై మాత్రం ఎన్నడూ అడగలేదు. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో లోక్‌సభకు అదనపు స్థానాలు చేర్చి జాబితా పద్ధతిలో నింపాలని సూచించింది. ఆ సూచన నివేదికలోనే ఉండిపోయింది. ఒకే దేశం, ఒకే ఎన్నికపై కోవింద్ కమిటీకి వచ్చిన అభిప్రాయాలు 21,558. 2024లో దేశ ఓటర్లు దాదాపు 97 కోట్లు. ఆ డిసెంబరులో 129వ రాజ్యాంగ సవరణ బిల్లు పార్లమెంటుకు వచ్చింది. నియోజకవర్గాల పునర్విభజన కూడా మన ముందున్నది.

మన ప్రాంతానికి ఇది పాత అనుభవమే. 1953 అక్టోబరు 1న ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుండి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. మన తాతలను ఓటు ద్వారా అడగలేదు. 1987లో మండలాధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టంతో ఆ అధికారం ఎంపీటీసీ సభ్యులకు పోయింది. అప్పుడూ అడగలేదు. మండల పరిషత్తులో మైనారిటీలకు ఒక కో-ఆప్టెడ్ స్థానం ఉన్నది. ఆ సభ్యుడు మాట్లాడవచ్చు, ఓటు వేయరాదు. కుర్చీ ఇచ్చి చేయి కట్టేయడం వంటిది అది.

దామాషా వస్తే అన్నీ తీరుతాయని మీకు ఆశ పెట్టను. జాబితాలో పేర్లు పార్టీ పెద్దలే రాస్తే పెత్తనం అక్కడా ఉంటుంది. న్యూజీలాండ్‌లో 5 శాతం ఓట్లో, ఒక నియోజకవర్గమో గెలవని పార్టీకి జాబితా స్థానం దక్కదు. కావున ఫలానా పద్ధతే కావాలని నేడే తీర్మానించమని అడగను. తెలుసుకొని ఎంచుకునే హక్కును కోరమని అడుగుతున్నాను.

ఆ పనిని మన ఇంటి నుండే మొదలుపెట్టవచ్చు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. వాటా ఎంత ఉన్నా సభ్యునికి ఒకే ఓటు అన్నది సహకార సూత్రం. ఈ ప్రాంతపు సామాన్యులు ఆ పాఠాన్ని చట్టసభలను చూసి కాదు, సంఘంలోనే నేర్చుకున్నారు. రెండవ పాఠం మన అంజుమన్లు, మసీదు కమిటీలు నేర్పాలి. అయిదుగురి కమిటీకి నూరుగురు సభ్యులు ఓటు వేస్తున్నారనుకోండి. అరవైమంది ఒక మొహల్లా, నలభైమంది మరొక మొహల్లా. ప్యానెల్ పద్ధతిలో అరవైమంది అయిదు స్థానాలూ తీసుకుంటారు. 1, 2, 3 అని అంకెలు వేసి బదిలీ ఓటుతో లెక్కిస్తే మూడు ఒకరికి, రెండు మరొకరికి వస్తాయి. బయట మనకు అన్యాయమని చెప్పే లెక్కను లోపల మన చిన్న మొహల్లాకు, మన స్త్రీలకు మనమే వర్తింపజేయరాదు. మన కమిటీలలో ముందుగా పద్ధతిని చర్చించి, సభ్యుల చేతనే ఎన్నిక చేయించి, ఆ తరువాత మనుషులను ఎన్నుకుందాము.

రెండవ పని: పునర్విభజన ముసాయిదా వచ్చి అభ్యంతరాలు కోరిన నాడు ఆదోని, ఎమ్మిగనూరు నుండి లిఖితపూర్వకంగా, లెక్కలతో, దళిత, వెనుకబడిన వర్గాల సోదరులతో కలిసి వినతులు వెళ్లాలి. మూడవ పని: ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ వారైనా, ఒకే ప్రశ్న అడగాలి. ఎన్నికల పద్ధతిని మార్చే ముందు పౌరసభతో చర్చింపజేసి ప్రజల ముందు పెడతారా? హక్కులను ఆ ఓటుకు అతీతంగా ఉంచుతారా?

ఇంతవరకు మనం ఇతరులు రాసిన లెక్కలో అంకెలుగా ఉన్నాము. లెక్క రాసేవారిలో మనమూ ఉండాలని కోరడం ఎవరి హక్కునూ లాక్కోవడం కాదు, పౌరుల బాధ్యత.