నిచ్చెన ఎక్కే ముందు చెప్పు తుడుచుకుందాం

(గన్నవరంలో మన సంస్థ ఏర్పాటు చేసిన వృత్తి పనివారల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేము మాట్లాడబోయే విషయం చాలా చిన్నది. చెప్పు అడుగున అంటిన బురద గురించి, అదే చెప్పుతో నిచ్చెన ఎక్కడం గురించి. ఇంత చిన్న విషయానికి ఒక సభా అని కొందరు అనుకోవచ్చు. సంస్థ తరఫున సాయం కోరి వచ్చే అర్జీలు చదివేవాళ్ళం కాబట్టి మాకు అది చిన్నదిగా కనిపించడం లేదు. నడుము విరిగి మంచాన పడిన పెయింటర్, చేయి సరిగ్గా అతుకు పడని ఎలక్ట్రీషియన్, బడి మానేసి పనికి వెళ్తున్న కొడుకు. ఈ అర్జీలలో చాలావాటికి మూలం ఒక్క క్షణం కాలు జారడమే. మందుల ఖర్చు మనం ఇవ్వగలం, నెలకు సరిపడా బియ్యం ఇవ్వగలం. నడుము మాత్రం ఇవ్వలేం. అందుకే ఈసారి పడ్డ తర్వాత చేసే సాయం గురించి కాక, పడకుండా చేసుకునే జాగ్రత్త గురించి మాట్లాడదామనుకున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది జారిపడి, కిందపడి ప్రాణాలు కోల్పోతున్నారు. ప్రమాదవశాత్తు జరిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం వీటిదే.

మన ప్రాంతం సంగతి చూద్దాం. విజయవాడ నుంచి గన్నవరం విమానాశ్రయం దాకా హైవేకి రెండు పక్కలా కట్టడాలు లేస్తున్నాయి. వాటిలో రంగులు వేసేవారు, వైరింగ్ చేసేవారు, ఏసీలు బిగించేవారు, బోర్డులు కట్టేవారు, సెంట్రింగ్ పనివారు అందరికీ నిచ్చెనే ఆధారం. నూజివీడు వైపు మామిడి తోటల్లో కాయ కోసేవారికీ అంతే. వీరిలో మన పిల్లలు ఎందరో ఉన్నారు.

ఇక్కడి నేల నల్లరేగడి. ఎండితే పగుళ్ళు తీస్తుంది, తడిస్తే ఉబ్బి జిగురులా పట్టుకుంటుంది. వానాకాలంలో సైటులో నాలుగడుగులు వేస్తే చెప్పు బరువు రెట్టింపు అవుతుంది. చెప్పు అడుగున గాట్లు ఎందుకు పెడతారు? నీటిని పక్కకు నెట్టి, మెట్టును పట్టుకోవడానికి. ఆ గాట్లలో మట్టి నిండితే కొత్త చెప్పు కూడా అరిగిపోయిన చెప్పుతో సమానమే. పైగా నేల మీద జారితే ఆపుకోవడానికి చోటు ఉంటుంది. నిచ్చెన మెట్టు వెడల్పు రెండు మూడు వేళ్ళంతే. అక్కడ అంగుళం జారినా పట్టు తప్పినట్టే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఎక్కేటప్పుడు చెప్పుకున్న బురద మెట్లకు అంటుతుంది. ఆ మెట్లనే పట్టుకుంటాం కాబట్టి చేతులకూ అంటుతుంది. దిగేటప్పుడు మన చూపు గోడ వైపు ఉంటుంది, కాలు తడుముకుంటూ మెట్టు వెతుకుతుంది. మనం పైకి వెళ్తూ పూసిన బురదే కిందికి వచ్చేటప్పుడు మన కాలి కింద కాచుకుని ఉంటుంది. మన తర్వాత ఎక్కే మనిషికీ అదే దక్కుతుంది. ఒకరి చెప్పు శుభ్రం ఇద్దరి ప్రాణం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. నీరు తీసిన తర్వాత ఇళ్ళలో మిగిలింది బురద. దాన్ని కడగడానికి ఫైరింజన్లు తెప్పించవలసి వచ్చింది. అలాంటి ఇంట్లో గోడలు కడగడానికి, ఫ్యాన్లు విప్పడానికి, వైర్లు చూడడానికి స్టూలో నిచ్చెనో ఎక్కక తప్పదు. వరద నుంచి బతికి బయటపడిన మనిషి శుభ్రం చేసుకుంటూ పడిపోవడం కన్నా బాధ ఏముంటుంది? సాయానికి వెళ్ళే మన యువకులు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

బురద ఒక్కటే కాదు. పెయింటర్ల చెప్పులకు తడి డిస్టెంపరు, పుట్టీ పొడి అంటుతాయి. ఆటోనగర్‌లో పనిచేసేవారికి గ్రీజు, ఇంజన్ ఆయిల్ అంటుతాయి. ఆయిలును కిరసనాయిలుతో తుడవడం కొందరికి అలవాటు. దాంతో జిడ్డు పొర మిగులుతుంది, రబ్బరూ పాడవుతుంది. ముందు పొడిగుడ్డతో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరనివ్వాలి.

"చెప్పులు విడిచి ఎక్కితే పోలేదా" అని పెద్ద మేస్త్రీలు అడుగుతారు. వెదురు నిచ్చెనల రోజుల్లో కాలివేళ్ళతో గుండ్రటి మెట్టును పట్టుకుని ఎక్కేవారు. ఆ నేర్పును మేము తక్కువ చేయడం లేదు. ఇప్పటి నిచ్చెనలు అల్యూమినియంవి, ఇనుపవి. తడిసిన కాలు వాటి మీద జారుతుంది. సన్నటి మెట్టు మీద గంటసేపు నిలబడితే అరికాలు తిమ్మిరెక్కుతుంది. కరెంటు పనికైతే వట్టికాళ్ళు అసలే పనికిరావు, లోహపు నిచ్చెనా పనికిరాదు. హవాయి చెప్పు కూడా మంచిది కాదు. అడుగు పట్టుకున్నా, తడికాలు చెప్పులోనే జారుతుంది. మడమ దగ్గర బిగువుగా ఉండి, అడుగున గాట్లు కనిపించే బూటు వేసుకోండి. గాట్లు అరిగిపోయాయంటే దాన్ని నిచ్చెన పనికి పక్కన పెట్టండి.

మరి ఏం చేయాలి? నిచ్చెన కింద ఒక గోనెసంచి పరవండి. పక్కన ఒక పాతగుడ్డ, గాట్లలో మట్టి తీయడానికి ఒక పుల్ల ఉంచండి. ఎక్కే ముందు రెండు అడుగులూ చూసుకుని తుడుచుకోండి, మెట్లు కూడా తుడవండి. కిందికి దిగి మళ్ళీ మట్టిలో నడిస్తే మళ్ళీ తుడుచుకోండి. దీనికి అర నిమిషం చాలు, రూపాయి ఖర్చు లేదు. మనం ఇంటి గడప దగ్గర, మసీదు గుమ్మం దగ్గర చెప్పు గురించి ఎవరూ చెప్పకుండానే ఆలోచిస్తాం. నిచ్చెన మొదటి మెట్టును కూడా ఒక గడప అనుకోండి.

దీంతోపాటు నిచ్చెన నిలబెట్టే తీరూ ముఖ్యమే. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున మొదలు గోడకు దూరంగా ఉండాలి. డాబా మీదికి ఎక్కాలంటే నిచ్చెన అంచు కన్నా మూడడుగులు పైకి రావాలి. రెండు కాళ్ళూ ఒక చేయీ, లేదా రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. సామాను చేత్తో మోయకుండా తాడుతో లాక్కోండి.

పని చేయించుకునే వాళ్ళకూ ఒక మాట. రంజాన్‌కు ముందు మసీదులకు, ఇళ్ళకు రంగులు వేయిస్తాం, లైట్లు కట్టిస్తాం. నెలవంక కనబడేలోగా పూర్తి కావాలని తొందరపెడతాం. ఉత్సాహంతో మన కుర్రవాళ్ళు వుజూ చేసిన తడికాళ్ళతోనే నిచ్చెన ఎక్కేస్తారు. మసీదు కమిటీలు ఆ గోనెసంచి, గుడ్డ తామే ఏర్పాటు చేయాలి, నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషిని నిలబెట్టాలి. కూలి ఇచ్చేవాడు ఆ అర నిమిషం కూడా ఇవ్వాలి.

ఎవరైనా పడితే చుట్టూ చేరి ఎత్తి కూర్చోబెట్టకండి. వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ కదలికతోనే కాళ్ళు పడిపోవచ్చు. కదపకుండా 108కి ఫోన్ చేయండి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం వల్ల రాష్ట్రాలలో సంక్షేమ మండళ్ళు ఏర్పడ్డాయి. 18 నుంచి 60 ఏళ్ళ లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు అందులో పేరు నమోదు చేయించుకోవచ్చు. పేరు లేనివాళ్ళు ఈ రోజే మన వాలంటీర్లకు చెప్పండి, కాగితాల పని వాళ్ళు చూస్తారు.

సోదరులారా, మీరు పొద్దున బయలుదేరేటప్పుడు సాయంత్రం మీ రాక కోసం ఎదురుచూసేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. వచ్చే ఏడాది ఈ సంచిక తయారయ్యే వేళకు నిచ్చెన మీది నుంచి పడ్డామన్న అర్జీ ఒక్కటి తగ్గినా, ఈ సభ పెట్టిన ఫలితం మాకు దక్కినట్టే. అల్లాహ్ మీ అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చుగాక. ఆమీన్.