పై చదువుకు దరఖాస్తు, ఇంటివారి ఓర్పు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మన పిల్లలలో కొందరు చరిత్ర, తత్త్వము, తెలుగు సాహిత్యము వంటి విషయములలో ఎం.ఏ. చదువుతామంటున్నారు. వెంటనే మనము "అది తిండి పెడుతుందా?" అంటాము. అడుగదగిన ప్రశ్నయే. కాని రోజూ అడుగదగినది కాదు. కాలేజీ ఉద్యోగము దొరకుట కష్టమే. అయినను నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించి పరిశోధనలో చేరినవారికి 2023 నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు.

బిడ్డను క్రుంగదీసేది చదువు కాదు, ఎదురుచూపు. 2022లో ఎం.ఏ. ప్రవేశమునకు సి.యు.ఇ.టి. పరీక్ష వచ్చినది. అది వ్రాసినంత మాత్రాన సీటు రాదు. ఒక్కొక్క విశ్వవిద్యాలయమునకు వేరే దరఖాస్తు, వేరే గడువు. గడువులన్నీ ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టండి. ఒక్క చోటినే నమ్ముకొనవద్దు. తెలుగు శాఖలు హైదరాబాదులోనే కాదు, మద్రాసులోను, కాశీలోను ఉన్నవి.

ప్రవాసులమైన మనకు ఇంకొక చిక్కు ఇంటిపేరు. తమిళనాట తండ్రి పేరు పొడి అక్షరమవుతుంది; మహారాష్ట్రలో ఇంటిపేరు చివరకు పోతుంది. స్కూలు సర్టిఫికెట్టులో ఒక విధముగా, ఆధార్‌లో మరొక విధముగా ఉంటే ఆఖరు రోజున కంగారు తప్పదు. ఆ దిద్దుబాటు పెద్దల పని, ముందే చేయించండి.

వెయిటింగ్ లిస్టులో మిగిలిన ప్రయాణికుణ్ణి చేతకానివాడని ఎవరంటారు? బెర్తులు తక్కువ, అంతే. సీటు రాని బిడ్డనూ అట్లే చూడండి. "ఏమైంది?" అని పూటపూటకూ అడుగక, అన్నము వడ్డించి ఊరకుండండి. వచ్చే ఏడు మళ్ళీ బండి ఉన్నది.