తుడుం విన్నోళ్ళంతా మన చుట్టాలేనా?

(ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగం)

 

"పాట మనుషుల్ని కలుపుతది" అనే మాట మీద మాట్లాడమని నన్ను పిలిచిన్రు. మంచి మాటే. కానీ నేను సగమే ఒప్పుకుంటా. ఎందుకో నాకు జరిగిన సంగతులతోనే చెప్తా.

డిగ్రీ రెండో సంవత్సరంల కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. "మీవాళ్ళ డాన్స్ ఒకటి పెట్టండి, ఐదు నిమిషాలు చాలు" అన్నరు. మేం ఆరుగురం గోండు పిల్లలం ఉన్నం. నెమలి పింఛాల కిరీటం ఊరి నుంచి తెస్తానంటే తాత ఒప్పుకోలేదు. "దండారి లేనప్పుడు దాన్ని కదిలించొద్దు. అది వేషం కాదు, దీక్ష" అన్నడు. సరే అని అట్టముక్కలతోటి చేసుకొని ఆడినం. చప్పట్లు బాగా మోగినయ్. అందరూ సెల్ఫీలు దిగిన్రు. మర్నాడు క్యాంటీన్‌ల అదే పిల్లలు "ఏయ్ గుస్సాడీ" అని పిలిచి నవ్విన్రు. డిగ్రీ అయిపోయేదాకా అదే నా పేరు.

మరి ఆ ఐదు నిమిషాల పాట మమ్మల్ని కలిపిందా? లేదు. వాళ్ళు చూసిన్రు, మేం ఆడినం, అంతే.

ఇంకో సంగతి చెప్తా. ఆ ప్రాక్టీసు రోజుల్లోనే ఒక రాత్రి హాస్టల్ వెనక డప్పు కొడుతున్నం. మంచుకు తోలు మెత్తబడి సరిగా మోగుత లేదు. వేరే జిల్లా నుంచి వచ్చిన నా రూమ్మేట్ అటు వచ్చి చూసిండు. "అట్ల కాదురా" అని ఎండు కొమ్మలు, కాగితాలు పోగేసి మంట పెట్టిండు. డప్పును తిప్పుకుంట కాచిండు, వేలితో కొట్టి చూసిండు, మళ్ళీ కాచిండు. తర్వాత వాడు కొడితే గోడలు అదిరినయ్.

ఏడాదిన్నర ఒకే గదిలో ఉన్నం. వాడికి డప్పు వచ్చని నాకు తెల్వదు. ఆ రాత్రి మంట దగ్గర చెప్పిండు. వాళ్ళ నాన్న ఊర్ల చావులకు డప్పు కొడ్తడు. కొట్టడానికి పిలుస్తరు గానీ పక్కన కూర్చోనియ్యరు. ఆ అవమానానికే వాడు డప్పు సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను మా దగ్గర డప్పు, తుడుం దేవుడి ముందు మోగుతయని, వాటికి మేం మొక్కుతమని చెప్పిన. వాడు చానాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ ఏడు దీపావళికి వాడిని దండారికి మా ఊరికి తీసుకపోయిన. దండారి సంగతి మీకు నేను చెప్పేదేముంది? ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి పోతది. వచ్చినోళ్ళందరికీ అన్నం పెట్టే బాధ్యత ఆ ఊరిది. ఆట, మాట, పెళ్ళి సంబంధాలు అన్నీ అక్కడనే. మా తాళం మొదట వాడికి అందలేదు. ఒక పెద్దాయన వాడి భుజం మీద వేళ్ళతోటి కొట్టి నేర్పిండు. గుమేల, పర్ర, తుడుం నడుమ తెల్లారేదాకా వాడి డప్పు మోగింది. ఇది కలవడం అంటే.

కానీ కథ ఇక్కడ ఆగితే నేను మీకు సగమే చెప్పినట్టు. పొద్దున తినేటప్పుడు వాడు మెల్లగ అడిగిండు: "రాత్రంతా పెప్రె ఊదిన ఆ తాత మీతోటి ఎందుకు కూర్చోలేదు?"

ఆయన ప్రధాన్. వేరే పక్కన కూర్చొని తింటుండు. చిన్నప్పటి నుంచి చూస్తున్న, ఏనాడూ నాకు తప్పు అనిపించలేదు. వాళ్ళ నాన్నకు జరిగిందే వాడు మా ఊర్ల చూసిండు. నా దగ్గర జవాబు లేకుండె.

మిత్రులారా, ఆలోచించండి. మన పెర్సపెన్ పూజలో కిక్రి వాయించి మన గోత్రాల కథ చెప్పేది ప్రధాన్లు, తోటీలు. ఆదిలాబాద్ ప్రధాన్లు తరతరాలుగా ఇంట్ల మాట్లాడుకునే భాష మరాఠీ. కథ మాత్రం గోండిలో పాడతరు. ఇంట్ల వేరే భాష మాట్లాడేవాళ్ళు మన చరిత్రను గొంతులో పెట్టుకొని కాపాడిన్రు. సంస్కృతుల మధ్య పాట వంతెన అంటరు కదా, ఆ వంతెన మన ఊర్లనే ఉంది. దాని మీద నడిచి, దానితోటి కలిసి తినలేకపోయినం. బయటోళ్ళు మనల్ని చిన్నచూపు చూస్తున్నరని అడిగే ముందు ఇది మనం సరిదిద్దుకోవాలె.

ఇక మద్దతుగా వచ్చిన మిత్రులకు ఒక మాట. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది. మేమందరం సంతోషపడ్డం. ఇద్దరూ ఇప్పుడు లేరు. మేడారానికి లక్షల మంది వస్తరు. సమ్మక్క, సారలమ్మల కథను డోలి మీద పాడే కోయ కళాకారులు ఎవరో ఎంతమందికి తెలుసు? 2020 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో ఆదివాసీ టీచర్లే ఉండాలన్న జీవో అది. మా పిల్లల భాష తెలిసిన మనిషి బడిలో ఉండాలని మేం మొత్తుకుంటుంటే, మా ఆటకు చప్పట్లు కొట్టినోళ్ళు ఎంతమంది పక్కన నిలబడ్డరు? మీ చప్పట్లు మాకు వద్దని కాదు. చప్పట్ల తర్వాత కూడా ఉండండి అంటున్నం.

మన యువత చేయాల్సిన పనులు మూడు చెప్తా.

ఒకటి, ఈ దండారికి మీ ఊర్ల ప్రధాన్, తోటి పెద్దలను మీ వరుసలో, మీ పక్కన కూర్చోబెట్టుకొని తినండి. పెద్దలు ఏమన్నా అంటే మర్యాదగనే జవాబు చెప్పండి.

రెండు, కిక్రి వాయించేవాళ్ళ దగ్గరికి పోండి. వాళ్ళు ఒప్పుకుంటేనే, వాళ్ళు పెట్టమన్నంత మేరకే ఫోన్‌ల రికార్డు చేయండి. అంతకంటే ముఖ్యం, ఒక్కరన్నా కూర్చొని నేర్చుకోండి. రికార్డు పోతే పోతది, చేతికొచ్చిన విద్య పోదు.

మూడు, ఎవరన్నా "ఐదు నిమిషాల డాన్స్" అడిగితే, ఆడే ముందు ఐదు నిమిషాలు మాట్లాడే టైం కూడా అడగండి. అది ఎవరి ఆట, ఏ పండుగది, ఆ ఊరి బాధ ఏంది అన్నది చెప్పినాకనే ఆడండి.

తుడుం మోగేది వినడానికే కాదు, రమ్మనడానికి. విని ఊకున్నోడు ప్రేక్షకుడు, విని వచ్చినోడు చుట్టం. నా రూమ్మేట్ వచ్చిండు. వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగిండు. పోయిన దండారిలో పెప్రె తాత మా వరుసలోనే కూర్చొని తిన్నడు. మా తాత కాసేపు మూతి ముడుచుకున్నడు, తర్వాత తనే కూర వడ్డించిండు.

జై జంగో! జై లింగో!