గడ్డకట్టు నేలపై కాలిబాట



మన పల్లెలలో వాకిటినుండి వీథివరకు నాలుగు నాపరాళ్లు పరపించుట గొప్ప పని కాదు. నేల చదునుచేసి, ఇసుక పోసి, రాళ్లు పేర్చి, సందులలో సిమెంటు కూరినచో మనుమల కాలమువరకు అవి కదలవు. ఈ పనినే అమెరికాలోని మినసోటా రాష్ట్రమునందో, కెనడాలోని టొరాంటో పట్టణమునందో ఇదే తీరున చేసినచో, రెండు మూడు చలికాలములు గడచునప్పటికి ఒక రాయి పైకి లేచును, దాని ప్రక్కది క్రుంగును, సందులలోని సిమెంటు పెచ్చులూడిపోవును. చలికాలమున ఆ ఎగుడుదిగుళ్లపై మంచు కప్పుకొని యుండును గనుక, అడుగు వేయువారికి పల్లమేదియో మిట్టయేదియో తెలియదు.

మన బిడ్డలు పలువురు ఆ దేశములలో ఇండ్లు కొని కాపురములు చేయుచున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులు నడివయసు దాటినవారే. ఆ వయసున వాకిట తట్టుకొని పడి తుంటియెముక విరిగినచో, దేశము కాని దేశమున శస్త్రచికిత్సయు, నెలల తరబడి మంచమును తప్పవు. ఇంటివాకిటి బాట యొక ప్రసంగమునకు తగినంతటి విషయమా యని శంకించువారికి నా సమాధాన మింతియే.

నీరు గడ్డకట్టునపుడు పెరుగును. 100 పాళ్ల నీరు సుమారు 109 పాళ్ల మంచుగడ్డ యగును. రాళ్లను లేవనెత్తునది ఈ పెరుగుదలయే యని చాలకాలము పలువురు తలచిరి. లెక్క వేసి చూచినచో ఇది చాలదు. అడుగు లోతు నేలలో నూటికి 40 పాళ్లు నీరే యున్నదనుకొందము. ఆ నీరంతయు గడ్డకట్టి పైకే పెరిగినను నేల అరంగుళమైనను లేవదు. కాని చలిదేశములలో నేల అంగుళముల కొలదిగ లేచుట అందరు నెరిగినదే. దక్షిణ కెరొలైనా విశ్వవిద్యాలయమునందలి భూగర్భశాస్త్రాచార్యుడు స్టీఫెన్ టేబరు 1929, 1930 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో ఈ చిక్కును విప్పెను. ఆయన మట్టిని నీటితోగాక బెంజీను అను ద్రవముతో తడిపి గడ్డకట్టించెను. బెంజీను గడ్డకట్టునపుడు పెరుగదు సరికదా, కుంచించుకొనును. అయినను మట్టి పైకి లేచెను! కావున కారణము వేరొకటి యుండవలెను.

ఆ కారణము మన యిండ్లలో ప్రతిసాయంకాలము కంటికి కనబడునదే. ప్రమిదలో నూనె అడుగున నుండును, దీపము వత్తికొనయందు వెలుగును. నూనెను పైకి తెచ్చునది వత్తి. అట్లే నేలపైభాగము గడ్డకట్టగానే అచ్చట ఒక సన్నని మంచుగడ్డ పొర యేర్పడి, క్రిందనున్న తడిని మట్టిరేణువుల నడుమగుండ తనవైపునకు లాగుకొనును. వచ్చిన నీరు వచ్చినట్లే గడ్డకట్టి పొర దళసరి యగుచుండును. అడుగున నీరున్నంతవరకు, పైన చలి యున్నంతవరకు ఈ పని ఆగదు. పైనున్నది కాలిబాటయే గాని కారు నిలుపు స్థలమే గాని, ఆ పొర దానిని మోసికొని లేచును.

అన్ని నేలలును ఇట్లు చేయవు. ముతక యిసుకలో రేణువుల నడుమ సందులు పెద్దవి. నీరు పైకి ప్రాకజాలదు. గట్టి బంకమట్టిలో సందులు మిక్కిలి సన్ననివైనందున నీరు మెల్లమెల్లగ గాని కదలదు. ఈ రెంటికి నడుమనున్న ఒండ్రు వంటి మట్టియే అన్నిటికంటె చెడ్డది. 1931 ప్రాంతమున ఆర్థరు కాసగ్రాండి అను ఇంజనీరు దీనికొక కొలత చెప్పెను: పలు పరిమాణముల రేణువులు కలిసిన మట్టిలో మిల్లీమీటరులో 50వ వంతుకన్న సన్ననివి నూటికి 3 పాళ్లు మించినచో ఆ నేలను నమ్మరాదు. నూటికి మూడే! మన రేగడి నేలలలో ఇల్లు కట్టువారికి ఈ సంగతి క్రొత్తగా తోచదు. రేగడి వానకు ఉబ్బి ఎండకు నెఱ్ఱెలు విచ్చుననియు, దానిని తీసివేసి మొరము నింపక గచ్చు వేసినచో పగులుననియు మన తాపీపనివారికి తెలియును. కారణము వేరైనను మందు ఒక్కటే. చెడ్డమట్టిని తీసి మంచిది నింపవలెను.

లేచుటకన్న కరగుట మరింత ప్రమాదకరము. నడిచలిలో నేల ఇనుమువలె గట్టిగానుండి యెంత బరువైనను మోయును. ఎండలు ముదురు దినములలో పైనుండి కరగుట మొదలిడును. పైన అడుగు మేర కరగి నీరైనను, దాని క్రింద ఇంకను గడ్డయే యుండుటచేత ఆ నీరు దిగుటకు దారి లేదు. అప్పుడు పైనేల నారుమడివలె మెత్తనగును. బరువు పడినచోట రాయి దిగిపోవును. రాత్రి మరల గడ్డకట్టును, పగలు మరల కరగును. ఎడతెగని గడ్డు చలికన్న ఈ రాకపోకలే బాటను పాడుచేయునవి.

మినసోటా గృహనిర్మాణ నిబంధనల ప్రకారము పునాదులు దక్షిణభాగమున 42 అంగుళములును, ఉత్తరభాగమున 60 అంగుళములును లోతు దిగవలెను. చలి అంత లోతు పోవును. నాలుగడుగుల కాలిబాటకై అంత లోతు త్రవ్వించుట యెవరికిని సాధ్యము కాదు, అక్కరయు లేదు. చలిని ఆపలేము గాని, చలికి దొరకు నీటిని తగ్గింపగలము. పని యంతయు ఈ సూత్రముపై నడచును.

కావలసిన మేర మట్టి త్రవ్వి తీసివేయుదురు. అడుగున మెత్తని మట్టి యున్నచో దానిపై గట్టి ప్లాస్టిక్ నూలుతో నేసిన వస్త్రమును పరతురు. నీరు దానిగుండ పోవును గాని బురద పైకెక్కి కంకరలో కలియదు. దానిపై ముప్పాతిక అంగుళపు రాళ్లు మొదలు నలుసులవరకు కలిసిన కంకర పోయుదురు. అచ్చటి నిపుణులు నీరు నిలువని మంచి నేలలో కాలిబాటకు కనీసము 4 అంగుళముల దళసరి చెప్పుదురు. మెత్తని నేలయు చలియు కలిసినచో ఇంకను రెండు మొదలు నాలుగంగుళములు చేర్చుమందురు. ఆ లెక్కన 8 అంగుళములు వేయుట క్షేమము. ఒక్కసారిగ పోసి పైపైన దిమ్మిస కొట్టినచో లాభము లేదు. నాలుగేసి అంగుళముల వంతున పోసి, కొంచెము తడిపి, అడుగున ఇనుపపలక గల యంత్రపు దిమ్మిసతో ప్రతి వరుసను గట్టిపరుపవలెను. కంకర రాళ్లక్రింద మాత్రమేగాక, ఇరుప్రక్కల తన దళసరి యంత వెడల్పున బయటికి వచ్చి యుండవలెను. లేనిచో అంచురాళ్లు ముందుగ క్రుంగును.

ఇచ్చట లెక్క చెప్పుట మంచిది. 4 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల బాటకు, ఇరువైపుల 8 అంగుళములు కలుపుకొని, 8 అంగుళముల దళసరి కంకర సుమారు 107 ఘనపుటడుగులు పట్టును. దిమ్మిస కొట్టిన పిమ్మట దాని బరువు ఆరు టన్నులకు తక్కువ యుండదు. గుత్తకు పనిచేయువాడు రెండు టన్నులు తోలించి పని ముగించినను రాళ్లు పరచిన దినమున అది యెవరి కంటను బడదు, బాట అద్దమువలెనే యుండును. మోసము జరుగుటకు అనువైన చోటు ఇదియే గనుక, మీ బిడ్డలు పని చేయించునపుడు రాళ్ల రంగును గూర్చి గాక కంకర యెన్ని అంగుళములు, ఎన్ని వరుసలు అని అడుగవలసినదని వారికి వ్రాయుడు.

కంకరపై ఒక అంగుళము ముతక యిసుక. రెండు అంగుళపు గొట్టములను పరచి వానిపై చెక్క నీడ్చినచో ఇసుక సమముగ వచ్చును. కంకరలోని పల్లములను ఇసుకతో పూడ్చుట తప్పు. దళసరి యిసుక కాలక్రమమున దిగబడును. ఇసుకకు బదులు క్వారీ రాతిపొడి వేయుదమని కొందరందురు. అది చౌక, దిమ్మిసకు బాగుగ గట్టిపడును కూడ. కాని దానిలోని సన్ననిపొడి నీటిని పట్టి యుంచును. పైన చెప్పిన వత్తిని మనమే తెచ్చి పరచినట్లగును.

ఇక రాళ్లు. అచ్చట హెచ్చుగ వాడునవి యంత్రములలో అచ్చువేసిన సిమెంటు రాళ్లు. కాలిబాటకు 60 మిల్లీమీటర్ల మందము చాలును. రెండవ ప్రపంచయుద్ధానంతరము హాలెండు దేశమున ఇటుకలకు బదులుగ వీని వాడుక ప్రబలి, పిదప జర్మనీకిని, ఇతర దేశములకును వ్యాపించెను. అమెరికా ప్రమాణము ప్రకారము ఇవి సగటున చదరపు అంగుళమునకు 8,000 పౌండ్ల ఒత్తిడికి తాళవలెను. నూటికి సగటున 5 పాళ్లకు మించి నీరు పీల్చరాదు. ఈ రెండవ షరతే చలికి ముఖ్యము. మన కడప నాపరాయి, తాండూరు రాయి ఇంగ్లండు మొదలగు దేశముల వాకిళ్లకు ఎగుమతి యగుచున్నవి. వానిని కొనువారును ఈ ప్రశ్ననే అడుగుదురు. రాతిని నీట నాన్చి, పలుమారులు గడ్డకట్టించి కరగించి, పిమ్మట దాని బలమును కొలిపింతురు. పొరలు విడు స్వభావముగల రాయి మన యెండలో వందయేండ్లు నిలిచినను, అచ్చట పొరల నడుమ నీరు గడ్డకట్టి పెచ్చులుగ ఊడును. రాయి యమ్ము మన గనుల యజమానులు దీనిని గమనింపవలెను.

రాళ్ల నడుమ ఒకటిన్నర మొదలు నాలుగున్నర మిల్లీమీటర్ల సందు విడిచి ఇసుకతోనే నింపవలెను, సిమెంటు పెట్టరాదు. మన తాపీవారికి ఇది నచ్చదు. కాని కదలక తప్పని నేలపై బిగువైనది పగులును, వదులైనది కొంచెము లేచి మరల తన చోట కూర్చుండును. అయితే ఆ వదులుతనము ప్రక్కకు జారిపోకుండుటకు ఇరువైపుల గట్టి అంచుకట్టు ఉండి తీరవలెను. ప్లాస్టిక్ అంచునైనను, ఇనుప అంచునైనను పొడవైన మేకులతో కంకరలోనికే దిగగొట్టవలెను. మట్టిలో గొట్టిన మేకును చలికాలము పైకి పీకివేయును.

నీరువాటము ఇంటికి వెలుపలివైపునకు నూటికి రెండు పాళ్లుండవలెను. నాలుగడుగుల వెడల్పునకు ఇది ఇంచుమించు ఒక అంగుళము. ఇంటికప్పునుండి దిగు గొట్టపు నీరు బాటపై పడినచో వాటమెంత యున్నను ప్రయోజనము లేదు; పగలు కరగిన మంచు రాత్రి అచ్చటనే అద్దమువలె గట్టిపడును. దానిపై చల్లు మామూలు ఉప్పు సున్నకు దిగువ 9, 10 డిగ్రీలకు మించిన చలిలో అంతగా పనిచేయదు. పైపెచ్చు సిమెంటు రాతి పైపొరను తినివేయును, ప్రక్కనున్న మొక్కలకును చేటు. మంచు పడినవెంటనే పారతో ఎత్తివేసి, జారకుండ ముతక యిసుక చల్లుట మేలు.

ఎంత జాగ్రత్తగ చేసినను ఎక్కడనో ఒక రాయి క్రుంగవచ్చును. దానినొక్కదానినే పైకి తీసి, ఇసుక సరిచేసి, మరల అచ్చటనే పెట్టవచ్చును. ఈ పనిని మంచు కరగు రోజులలో చేయరాదు; నేలలోని నీరు దిగి ఆరిన పిమ్మట, వేసవిలో చేయవలెను. క్రొత్త బాటను కూడ చలి రాకముందే ముగింపవలెను. గడ్డకట్టిన నేలపై కంకర పోసి దిమ్మిస కొట్టినచో ఆనాడు గట్టిగానే తోచును గాని, నేల కరగగానే కంకరయు దానితోపాటు దిగును.